మస్టర్ల లేని లింగమూర్తి

సెంటినరీ కాలనీ,
బుధవారం.

డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాల్ సారు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: తమ కాలేజీల బీఎస్సీ కంప్యూటర్స్ ఆఖరి సంవత్సరం చదువుతున్న నా మనుమరాలు సహస్ర, పర్యావరణం పేపరు ప్రాజెక్టుల లేని మనిషిని పుట్టించి రాసిందని మోపిన నేరం గురించి, సదరు లేని మనిషి స్వయముగా రాసుకొను అర్జీ.

నాకు డెబ్బై ఒక్క ఏండ్లు. బొగ్గుబాయిల ముప్పై నాలుగేండ్లు కోల్ ఫిల్లర్‌గ తట్టతోని బొగ్గు టబ్బులు నింపి రిటైరైన. ఇప్పుడు నా కొడుకు శివ క్వార్టర్ల ఉంటున్న. చిన్నప్పుడు బడికి పోలే. అక్షరాలు యూనియన్ ఆఫీసుల పెద్దోళ్లకు చెప్పినప్పుడు నేర్సిన, అందుకని తప్పులుంటయి. సహస్రకు ఈ కాగితం చూపియ్యలే. చూపిస్తే దిద్దుతది, దిద్దితే ఇది గూడ ముసలోడు రాసింది గాదంటరు. పైన "సముఖమునకు", "సదరు", "స్వయముగా" అనేటియి తహసీల్ ఆఫీసు ముంగట అర్జీలు రాసే ఆయన కాగితంల చూసి రాసినయి. అవి కాపీయే. కడమదంత నాది.

మనవి చేయునది ఏమనగా:

1. తమ కాలేజీల ఏ గ్రూపు పిల్లలకైనా పర్యావరణం పేపరు తప్పనిసరి అట. అందుల ఒక ప్రాజెక్టు. మీ దిక్కు నేల, నీళ్లు, గాలి ఎట్ల మారినయో కండ్లార చూసిన ఒక పెద్దమనిషిని అడిగి, ఆయన పేరు, ఆయన చేసిన పని వేసి, పది పేజీలు రాయాలె. మా సహస్ర నన్ను అడిగింది. నాలుగు ఆదివారాలు నా మంచం ఎదురుంగ పీట వేసుకొని కూసున్నది. కమాన్‌పూర్ దిక్కు మేము ఈత కొట్టిన వాగు ఓపెన్ కాస్టు మట్టి గుట్టల కింద ఎట్ల పోయిందో చెప్పిన. బాయిల మా సద్దిల నుంచి ఎలుకలకు రొట్టె ముక్క వేసేటోళ్లం, పైకప్పు కూలేది వాటికి ముందే తెలుస్తది, అవి ఉరికినయంటే మేము గూడ ఉరికేటోళ్లం అని చెప్పిన. బట్టలు ఆరేస్తే నల్లగయ్యే దినాలు, పిట్టలు రాకుంట పోయిన ఏడు, అన్నీ చెప్పిన. చెప్పింది చెప్పినట్టు రాసింది. ఒక ఆదివారం మాంసం కూర చల్లారి గట్టి పడ్డది, పిల్ల లేవలే. ఇది రికార్డు మీద ఉండాలె.

2. ప్రాజెక్టులు దిద్దిన జగదీశ్వర్ సారు కామర్స్ చెప్పే సారు అని తెలిసింది. పర్యావరణానికి వేరే సారు లేడని ఆయనకు అంటగట్టిన్రట. అరవై మందివి దిద్దాలె, పాపం. యాభై తొమ్మిది చదువకుంటనే మార్కులేసిండు. మాది ఒక్కటే చదివిండు. చదివినందుకు నాకు సంతోషమే. గాని చదివినంక, ఇన్ని ముచ్చట్లు ఒక్క మనిషి చెప్పడు, ఇది ఫోన్ల ఉన్న తెలివి యంత్రం రాసిచ్చింది అని అనుమానపడ్డడు. అంటే నన్ను ఫోను పుట్టించిందని ఆయన లెక్క. నన్ను పుట్టించింది మా అవ్వ కనకవ్వ, జొన్న చేన్ల. ఆ చుట్టుపక్కల అప్పటికి కరెంటు తీగ గూడ లేదు.

అనుమానం తీర్సుకుందామని కంపెనీ ఆఫీసుల ఉన్న తన బామ్మర్దికి ఫోన్ చేసిండు. ఫలానా బాయి, కోల్ ఫిల్లర్, పేరు లింగమూర్తి, ఫలానా ఏడు రిటైరు. బామ్మర్ది రికార్డు చూసి అసొంటి మనిషే లేడన్నడు. ఇందుల జగదీశ్వర్ సారుది తప్పు లేదు. బామ్మర్దిది గూడ లేదు. రికార్డుల నేను నిజంగనే లేను. ఎందుకు లేనో అయిదో నంబరుల రాస్త. అది రాయాలంటే కొంచెం ధైర్యం కావాలె, అందుకని ముందు కడమవి రాస్తున్న.

3. మా క్వార్టర్ల లైన్ల ఉండే రుత్విక్ గూడ అదే క్లాసు. వాని ప్రాజెక్టు పేరు "సముద్ర తీరమున వృద్ధ జాలరితో నా ముఖాముఖి". ఇరవై అయిదుకు ఇరవై నాలుగు వచ్చినయి. నేను అడిగిన.

"సముద్రానికి ఎప్పుడు పోయినవురా?"

"పోలే తాతా."

"మరి ఆ ముసలాయన ఏడ దొరికిండు?"

"కాలేజీ ముంగట జిరాక్స్ షాపుల. మా క్లాసుల ముప్పై మందికి ఆయనే దొరికిండు."

"ఆయన పేరేంది?"

"పేరు కాడ ఖాళీ ఉంటది, ఎవలది వాళ్లు నింపుకోవాలె. నేను మా తాత పేరు వేసిన."

"మీ తాత పోయి పన్నెండేండ్లాయె గదరా."

"అందుకే తాతా. ఎవలు పోయి అడుగుతరు?"

వాళ్ల తాత నాతోని ఒక్క షిఫ్టుల చేసినోడు. గోదావరి కంటె ఎక్కువ నీళ్లు ఎన్నడు చూడలే. సచ్చినంక చేపలు పడుతుండు. ఆయన పేరైతే రికార్డుల ఉంటది, నాది దొరుకలే. ఈ రుత్విక్ మీద చర్య తీసుకోవాలని నేను కోరుత లేను. పిలగాడు మంచోడు, మాకు సిలిండర్ మోసి పెడుతడు. ఊరికె తమ దృష్టికి తెస్తున్న.

4. మొన్న సోమవారం పది గంటలకు తెల్లంగి వేసుకొని నేను కాలేజీకి హాజరైన. జగదీశ్వర్ సారు కుర్చీ వేయించిండు. మర్యాద తెలిసిన మనిషి.

"ఎవలు పెద్దాయనా మీరు?"

"మీరు లేడన్న లింగమూర్తిని. ఉన్ననని చెప్పిపోదామని వచ్చిన."

ఆయన నవ్విండు. "కార్డు ఏదన్న ఉన్నదా? కంపెనీది గాని, ఆధార్ గాని?"

కార్డు నా అంగి జేబులనే ఉన్నది. చెయ్యి దాని మీదనే పెట్టిన. తియ్యలే. ఇంటికాడ మర్సిన అన్న.

"మనుమరాలి కోసం మీ తిప్పలు నాకు అర్థమైతది తాతా," అన్నడు. "గాని పోయినేడు ఒక పిలగాడు నాయిన అని ఒకాయనను తీసుకొచ్చిండు. నేను ఇంటికి పోయేటప్పుడు చూస్తే, ఆ నాయిన గేటు బయట ఆటో పెట్టుకొని, ఎక్కుతరా సారు అంటుండు."

నేను కిరాయి తాతనని ఆయన భావం. కిరాయి తాతకు ఇంత కోపం రాదని చెప్దామనుకున్న. అంతల చాయ్ తెప్పించిండు. తాగి వచ్చిన. చాయ్ బాగనే ఉన్నది.

5. ఇప్పుడు అసలు సంగతి. పందొమ్మిది వందల ఎనభైల మా మేనత్త కొడుకు ఎల్లేశం బావకు బాయిల నౌకరి వచ్చింది. మొదటి దినం దిగిండు. అరగంట గాకముందే మీదికి వచ్చి నా భుజం పట్టుకున్నడు. "లింగమూర్తీ, లోపల పగలే లేదురా. నేనుండ. నువ్వు పో, నీకు బయట వెలుతురున్నా పనే కనవడుత లేదు గద" అన్నడు. నాకప్పుడు పని లేదు. మర్నాడు ఆయన కాగితం పట్టుకొని నేను పోయిన. ఆ కాగితం మీద ఫొటో లేదు. మస్టర్ అనే హాజరు పుస్తకం పట్టుకొని క్లర్కు "ఎల్లేశం" అని పిలిచిండు. నేను "ఓ" అన్న. అట్ల "ఓ" అనుకుంట ముప్పై నాలుగేండ్లు గడిచినయి.

ఎల్లేశం బావ కమాన్‌పూర్ల గొర్లు పెట్టుకొని నిమ్మళంగ ఉన్నడు. కలిసినప్పుడు, "నా పేరుకు నడుము నొప్పి తెచ్చినవు గదరా" అంటడు. "నీ పేరుకు ఉత్తమ కార్మికుడు అని శాలువ గూడ తెచ్చిన గద బావా" అంట. "ఏది మరి శాలువ?" అంటడు. నేనింక ఇయ్యలే.

నేను ఒక్క షిఫ్టు ఎగ్గొట్టలే. ఒక్క టబ్బు ఉత్తది నింపినట్టు రాయించుకోలే. పని నాది, చెమట నాది. పేరు ఒక్కటే నాది గాదు. అది తప్పే. తప్పు గాదని వాదించెటందుకు నేను ఈ అర్జీ రాయలే.

తరువాత ఆధార్, బ్యాంకు, ఓటు, అన్నీ మస్టర్‌కు కలవాలని ఎల్లేశం అనే చేయించుకున్న. నా అసలు పేరుకు సాక్షి మా ఇంటామె మల్లక్క. ఆమె మొగని పేరు నోటితోని చెప్పదు. లగ్గమై నలభై ఆరేండ్లాయె, ఇంత వరకు చెప్పలే, ఇప్పుడు తమ ముంగట చెప్తదని నేను హామీ ఇయ్యలేను.

ప్రాజెక్టు రాసేటప్పుడు సహస్ర అడిగింది. "ఏ పేరు వెయ్యాలె తాతా, మస్టర్‌దా, నీదా?"

"మీ సారు ఏమన్నడు?"

"నిజం రాయమన్నడు."

"అయితే నాదే వెయ్యి."

ఆ మాట అన్నది నేను. నా పేరు అచ్చంగ ఉన్న కాగితం ఈ లోకంల ఒక్కటే అయ్యింది, ఆ ప్రాజెక్టు. దానికే సున్న వచ్చింది.

6. ఈ శుక్రవారం నాలుగు గంటల లోపల సహస్ర క్షమాపణ పత్రం మీద సంతకం పెట్టాలె అని హుకుం. పెడితే పది మార్కులేసి పాస్ చేస్తరట, గాని కాపీ కొట్టిన పిల్ల అని రికార్డుల ఉంటదట. పెట్టకుంటే పేపరు ఫెయిలు. మెమో రాదు. హైదరాబాద్‌ల పై చదువుకు వచ్చిన సీటు పోతది. పిల్ల సంతకం పెడుతా అంటున్నది. నేను మొన్న కాలేజీ నుంచి వచ్చి అడిగిన.

"మస్టర్ పేరు వేరే అని సారుకు ఒక్క మాట చెప్తే అయిపోవు గదనే."

"చెప్తే ఆయన బామ్మర్దికి చెప్తడు. బామ్మర్ది ఆఫీసుల చెప్తడు. నీ మీదికి వస్తే? నీ పింఛన్ ఆపుతే?"

"నా ఫికర్ నీకెందుకు?"

"తాతా, అది మా పేపరే గాదు. నాది కంప్యూటర్. అది ఊరికె పాస్ గావాలె, గంతే. ఎవలు పట్టించుకోరు. ఒక్క సంతకం."

అయ్యా, బాయిల నా పని బొగ్గు నింపుడు. పైకప్పు చూసుడు నా పని గాదు, దానికి కంపెనీ వేరే మనిషిని పెట్టింది. అయినా దిగంగనే నేను కర్ర తీసుకొని పైకప్పును కొట్టి, చప్పుడు విని, అప్పుడే తట్ట పట్టేటోణ్ణి. నా పని గాదని ఊకుంటే నా నెత్తి మీద పడకుంట ఉంటదా? ఆ మాటనే చెప్పిన. "నీది గాని పేపరుల అబద్ధం ఆడితే, ఆ అబద్ధం ఎవలదే?" అని అడిగిన. చాయ్ పెడుతా అని లోపటికి పోయింది. శాన సేపు రాలే. చాయ్ గూడ రాలే.

నన్ను కాపాడెటందుకు నా మనుమరాలు తాను దొంగనని రాసిస్తున్నది. ఇది నాకు సమ్మతం గాదు. ముప్పై నాలుగేండ్లు ఒక పేరు కింద దాక్కున్న, ఇప్పుడు ఒక ఆడపిల్ల వెనుక దాక్కోను.

7. కావున తమరిని కోరునది: పిల్లకు మార్కులు ఎక్కువ వెయ్యమని నేను అడుగుత లేను. పిలిపించుండ్రి. ఎదురుంగ కూసోబెట్టి ఆ పది పేజీలల్ల ఏ ముక్కనన్న అడుగుండ్రి. చెప్పకుంటే సున్న ఉంచుండ్రి. చెప్తే, ఎన్ని రావాలెనో అన్ని వెయ్యుండ్రి. నేను వస్త. కార్డు తీసుకొనే వస్త, ఈసారి జేబుల నుంచి బయటికి తీస్త. ఎల్లేశం బావ గూడ వస్తనన్నడు. పేర్లు రెండు, మనుషులం ఇద్దరం, లెక్క సరిపోతది. ఆయనతోని గొర్ల ముచ్చట తియ్యొద్దని మనవి, తీస్తే సాయంత్రం దాక లేవడు.

ఈ కాగితం కంపెనీకి పంపాలనుకుంటే పంపుండ్రి. నేను అడ్డం రాను.

విధేయుడు అని రాయాలెనని అర్జీలు రాసే ఆయన చెప్పిండు. నేను బాయిల పని చేయించే ఓవర్‌మెన్‌కే విధేయుణ్ణి గాలే. అయినా మనుమరాలి పని ఉన్నది గనుక రాస్తున్న. శుక్రవారం నాలుగు గొట్టకముందే దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు (ఈ ఒక్క పనికి),
లింగమూర్తి,
మస్టర్ల ఎల్లేశం.

సంతకం వంకరగ ఉన్నదని ఫోర్జరీ అనుకోవద్దు. ఎల్లేశం అని పెట్టుడు చెయ్యికి అలవాటు. ఇది కొత్తది.

తా.క.: అర్జీ మడిచినంక సహస్ర పుస్తకంల ఉన్న ఆ క్షమాపణ పత్రం తీసిన. చింపుదామనే తీసిన. కాలేజీ అచ్చేసిందే, పేరు కాడ, సంతకం కాడ ఖాళీ ఉన్నది. చింపే ముందు ఒక్కసారి కూడబలుక్కొని చదివిన. "నేను ఉనికిలో లేని వ్యక్తిని ఉన్నట్లుగా చూపి సంస్థను నమ్మించితిని. ఇందులకు చింతించుచున్నాను. ఇకమీదట ఇట్లు చేయనని హామీ ఇచ్చుచున్నాను" అని ఉన్నది. రెండుసార్లు చదివిన. బాయి లోపల ఎల్లేశం లేడు, ఉన్నడని ముప్పై నాలుగేండ్లు చూపించింది నేను. మాటలల్ల ఒక్క తప్పు గూడ లేదు. మీరు పత్రం ఇచ్చిన మనిషే తప్పు. అందుకని దాని మీద నా పేరు రాసి, సంతకం చేసి, దీనికి జతపరుస్తున్న. మా పిల్లను మళ్లొకటి అడుగొద్దు. ఇకమీదట చెయ్యననే మాటకు తమరు ఫికర్ చెయ్యొద్దు. రిటైరైన.