నల్లద్దాలు మందా, పొగరా?

ఫిబ్రవరి 4, మంగళవారం. సువా పట్నం, ఆసుపత్రి

నిన్న రెండు కళ్ళకీ లేజర్ ఆపరేషన్. ఇవాళ పొద్దున కట్లు విప్పారు. ఎదురుగా గోడమీద బల్లి. దాని వేళ్ళు కూడా కనిపించాయి! బల్లికి వేళ్ళుంటాయని ముప్ఫై నాలుగేళ్ళుగా నాకు ఒక్కరూ చెప్పలేదు.

రాయొద్దన్నారు. పెద్ద పెద్ద అక్షరాలతో రాస్తున్నాను కాబట్టి లెక్కలోకి రాదు.

పోయినేడు మా దీవులవాళ్ళని చేర్చుకోవడానికి బ్రిటిష్ సైన్యం పెట్టిన పరీక్షలో పరుగు పాసయ్యాను, బరువులు పాసయ్యాను. గోడమీది అక్షరాలు చదవమంటే "ఏ గోడ?" అన్నాను. అంతే, ఇంటికి పంపేశారు. మా అక్క తితిలియా అక్కడి సైన్యంలోనే ఉంది. "సాకియుసా, నీ కాళ్ళు సైనికుడివిరా, కళ్ళే గుడ్లగూబవి. అదీ మిట్టమధ్యాహ్నం గుడ్లగూబ" అంది ఫోన్లో. ఆపరేషన్ ఖర్చు పెట్టుకుంది కూడా తనే. కాబట్టి తిట్టే హక్కుంది.

ఆపరేషన్ అయ్యాక ఆరు నెలలు ఆగి, చూపు నిలకడగా ఉందని కాగితం తెమ్మన్నారు. అంటే ఆగస్టులో జరిగే పరీక్ష. జనవరిలో నా వయసు వాళ్ళ గీత దాటిపోతుంది. ఆగస్టు తప్పితే డిసెంబరు. అదీ తప్పితే జీవితాంతం మా తోటలో కొబ్బరిచెట్లకి సెల్యూట్ కొట్టుకోవాలి.

డాక్టరమ్మ చెప్పిన నియమాలు:
కళ్ళు నలపకూడదు.
బయట నల్లద్దాలు తప్పనిసరి.
పొగ, దుమ్ము వద్దు.
నెలన్నర దాకా సముద్రపు నీళ్ళు వద్దు.
రగ్బీ మాట ఎత్తకూడదు.

"కంటిమీది పొరని మూతలా లేపి, లోపల సరిచేసి మళ్ళీ మూశాం. ఆ మూత కదలకూడదు" అంది. ఆపరేషన్‌కి ముందు ఆవిడే "రగ్బీ ఆడతారా?" అని అడిగింది. ఆడతానంటే మూత అక్కర్లేని ఇంకోరకం చేస్తారట. నొప్పెక్కువ, మానడం ఆలస్యం. "మానేశానండీ" అన్నాను. ఆవిడ నా చెవులకేసి చూసింది. ఇరవయ్యేళ్ళు గుంపు తోపులాటల్లో నలిగి నలిగి నా చెవులు రెండూ పిసికిన దుంపల్లా ఉంటాయి. ఏదో రాసుకుంది.

ఏం నియమాలివి! పసిపిల్లలు పాటించేవి. ఆగస్టు దాకా ఒక్కటి కూడా తప్పను. ఒట్టు!

ఫిబ్రవరి 6, గురువారం. ఇల్లు

పడవలో ఊరికొచ్చాను. అలలు ఎగిరి మొహాన కొడుతుంటే వెనక్కి తిరిగి కూర్చుని, అమ్మ పైబట్ట నెత్తిన కప్పుకున్నాను. పడవవాడు "పెళ్ళికూతురా, ఏడవకే" అన్నాడు. భరించాను. సైనికుడికి సహనం ముఖ్యం.

ఒడ్డున దిగానో లేదో సవెనాదా పెదనాన్న ఎదురయ్యాడు. ఆయనే ఊరిపెద్ద.

"ఏవిట్రా ఆ మొహం? ఊళ్ళోకి నల్లద్దాలేసుకొచ్చావు? సినిమావాడివా?"

మా ఊళ్ళో నెత్తిన టోపీ, కళ్ళకి నల్లద్దాలు పెట్టుకుని తిరగడమంటే పెద్దల మొహం చూడనన్నట్టు. నాకు తెలీదా? తెలుసు. డాక్టరమ్మకే తెలీదు.

"మందు పెదనాన్నా."

"మందు సీసాలో ఉంటది. తీసెయ్."

తీశాను. మిట్టమధ్యాహ్నపు ఎండ సూదుల్లా గుచ్చింది. కళ్ళు మూసుకుని నడిచి మా ఇల్లనుకుని పాస్టరుగారి ఇంట్లోకి వెళ్ళాను.

ఫిబ్రవరి 8, శనివారం

నా నల్లద్దాలు మందా, పొగరా? దీనిమీద ఊరంతా సభ పెట్టింది. యాంగోనా వేరు కలిపిన మత్తునీళ్ళ గిన్నె చుట్టూ పెద్దలు కూర్చున్నారు. కొబ్బరిచిప్ప మీద చిప్ప తాగుతూ మధ్యాహ్నం మొదలుపెట్టి పొద్దుగూకేదాకా చర్చించారు. నేను అద్దాలు లేకుండా గుమ్మం పక్కన, సరిగ్గా ఎండ పడేచోట కూర్చున్నాను.

తీర్పు: మందే. కానీ పెద్దలెవరైనా ఎదురైతే తీసెయ్యాలి.

మా ఊళ్ళో నలభై ఇళ్ళు. ఇంటికిద్దరు పెద్దలు.

మా బావ ఎపరామా, అంటే మేనమామ కొడుకు, బయటికొస్తూ నా భుజం మీద చెయ్యేశాడు. "ఏం ఫర్వాలేదు బావా. ఇంటి వెనకాల పందుల దొడ్డి దారుంటది గదా, అటు తిరుగు. పందులేమీ అనుకోవు. నీ మొహం వాటికి అలవాటే."

బావలకి ఏమైనా అనే హక్కుంది. అందుకే దేవుడు బావల్ని పుట్టించాడు.

ఫిబ్రవరి 9, ఆదివారం

చర్చిలో చివరి వరసలో కూర్చున్నాను. ముందుగోడకి వేలాడే పలకమీద ఇవాళ్టి కీర్తన నంబరు: 238! నేనే చదివాను! ఇన్నేళ్ళూ అమ్మ చెవిలో చెబితే గాని పేజీ తిప్పలేదు నేను. అమ్మ అలవాటుగా చెవిదాకా వంగింది. "చూశానులే" అన్నాను. అమ్మ కీర్తన మొదటి చరణం పాడలేదు. ముక్కు చీదుకుంటూ ఉంది. నాకూ ఏడుపొచ్చింది గానీ కళ్ళు తుడుచుకోకూడదు కదా, అలాగే కారనిచ్చాను.

ఇంకో సంగతి. ప్రార్థనప్పుడు పాస్టరుగారు కళ్ళు మూసుకోరు. ఎవరు మూసుకోలేదో చూస్తుంటారు. ఇద్దరం ఒకర్నొకరం చూసుకున్నాం.

మార్చి 1, శనివారం

మామయ్యగారింట్లో విందు. లోవో వంటగుంట నాదే, ఎప్పుడూ నాదే. రాళ్ళు కాల్చడం, ఆకుల్లో చుట్టిన పందిమాంసం పేర్చడం, మట్టి కప్పడం. ఊళ్ళో ఇంకెవడు చేసినా సగం పచ్చి, సగం బొగ్గు.

పొగ వద్దన్నారు, నిజమే. అందుకని గాలికి ఇటువైపు నిలబడ్డాను. గాలి తిరిగింది. పొగ నా వైపు వచ్చింది గానీ నేను పొగ వైపు వెళ్ళలేదు. ఈ తేడా డాక్టరమ్మ అర్థం చేసుకోగలదు.

కళ్ళు కొంచెం నలిపాను. ఎడంకన్నే. అదీ పక్కనించే.

మార్చి 11, మంగళవారం

చేపల గుంపు ఒడ్డుకొచ్చింది! పెద్ద వల దించారు. ఊరు ఊరంతా నీళ్ళలోకి దూకింది. నేనొక్కణ్ణే ఒడ్డున నల్లద్దాలతో, దారి తప్పి వచ్చిన టూరిస్టులా.

"దిగరా!" అని అరుస్తున్నారు. నడుము లోతు దాకానే దిగాను. కళ్ళు నడుముకి లేవు కదా.

అల వచ్చింది. దాన్ని నేను పిలవలేదు.

రాత్రి కంట్లో మందు వేస్తూ అమ్మ "ఆగస్టు దాకా నిన్ను తాడుతో కట్టెయ్యాలి" అంది. నూనెలో వేగిన చేపలు మాత్రం అమృతంలా ఉన్నాయి. చూపు కూడా బాగానే ఉంది. ఈ డాక్టర్లు పదిరెట్లు పెంచి చెబితే గాని మనం ఒక వంతైనా పాటించమని వాళ్ళకి తెలుసు. నేను రెండు వంతులు పాటిస్తున్నాను.

ఏప్రిల్ 19, శనివారం

ఈస్టర్ సెలవులు. మైదానంలో మావాళ్ళు రగ్బీ సాధన. చూడ్డానికే వెళ్ళాను. చూడ్డం తప్పని నియమాల్లో లేదు. చూపున్నదే చూడ్డానికి.

ఎపరామా జట్టు నాయకుడు. "బావా, ఊరికే కూర్చున్నావు, నీళ్ళందించు." అందించాను. "బంతి అవతల పడింది, విసురు." విసిరాను. "గీత దగ్గర నిలబడి జెండా ఊపు." ఊపాను. ఇవేవీ రగ్బీ కాదు. రగ్బీ పక్కన ఉండేవి.

అక్క పంపిన బూట్లు కూడా వేసుకెళ్ళాను. మా జట్టులో బూట్లున్నది ఇద్దరికే, మిగతావాళ్ళంతా ఉత్తికాళ్ళతోనే. వాడకపోతే తోలు పాడవుతుందని వేసుకున్నాను.

మే 3, శనివారం

కుడికన్ను మూసుకుని రాస్తున్నాను.

పక్కూరితో ఫైనల్. గెలిస్తే బతికున్న పంది బహుమతి. ఇద్దరికి దెబ్బలు తగిలి బయటికొచ్చేశారు. ఆట ముగియడానికి కాసేపే ఉంది. మావాళ్ళు ఒకడు తక్కువ.

ఎపరామా గీతదాకా వచ్చాడు.

"బావా."

"వద్దురా. మూత కదుల్తుంది."

"నేనేమన్నానా? ఒక్కటే అడుగుతా. చూడ్డానికొచ్చినోడు బూట్ల తాళ్ళు ఇంత బిగించి ఎందుకు కట్టుకుంటాడు?"

నల్లద్దాలు తీసి అమ్మకిచ్చాను. అమ్మ నా చొక్కా పట్టుకుంది. చొక్కా అమ్మ చేతిలోనే వదిలేసి లోపలికి పరుగెత్తాను.

ఆడింది కొద్దిసేపే. కానీ రాయకుండా ఉండలేను. బంతి పైకి లేచింది, తిరుగుతూ వస్తోంది, దాని కుట్లు కనిపించాయి! ఇరవయ్యేళ్ళు నేను బంతిని చూసి ఆడలేదు. అరుపుల్ని బట్టి, ఎదుటివాడి కాళ్ళ చప్పుణ్ణి బట్టి ఊహించి పట్టుకునేవాణ్ణి. ఇవాళ చూసి పట్టుకున్నాను. ఖాళీ ఎక్కడుందో చూసి పరుగెత్తాను. గీత దాటి పడ్డాను. ఇంత సంతోషం నాకెప్పుడూ లేదు. ఆ క్షణంలో సైన్యమూ ఆగస్టూ గుర్తే లేవు.

పక్కూరివాళ్ళు నన్ను ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు. గెలిచాం అని ఎపరామా ఎగిరొచ్చి కావిలించుకున్నాడు. వాడి బొటనవేలు నా కుడికంట్లో దిగింది.

పందిని తెచ్చారు. నాకు రెండు పందులు కనిపించాయి.

మే 6, మంగళవారం. సువా

మూత ముడత పడింది. మళ్ళీ లేపి, కడిగి, సరిచేసి మూశారు.

డాక్టరమ్మ అరవలేదు. అరిస్తే బాగుండేది. "రగ్బీ ఆడతారా అని నేను అడిగాను కదా?"

"మానేశానని చెప్పానండీ."

"ఎప్పుడు మానేశారు?"

"శనివారం సాయంత్రం."

ఆవిడ నవ్వలేదు. నా చెవులకేసి చూసింది. "ఆ రోజే మీ చెవుల మాట వినాల్సింది నేను" అంది. కుడికన్ను పూర్తిగా తేరుకుంటుందో లేదో ఇప్పుడే చెప్పలేనంది. ఆరు నెలలు మళ్ళీ మొదటినుంచి. నవంబరు. మిగిలింది డిసెంబరు పరీక్ష ఒక్కటే.

అక్కకి ఫోన్ చేశాను. అంతా విని "ఆట గెలిచారా?" అంది. గెలిచామన్నాను. "నువ్వు స్కోర్ చేశావా?" చేశానన్నాను. "వెధవా" అని ఫోన్ పెట్టేసింది. ఆ గొంతులో కోపం సగమే ఉంది. నాకు అదే ఎక్కువ బాధగా ఉంది.

మే 10, శనివారం. ఇల్లు

క్షమాపణ చెప్పుకోవడానికి ఎపరామా మామయ్యనీ, వాళ్ళ వంశం పెద్దల్నీ వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. చేతిలో తిమింగలం పన్ను. చాప మీద తలవంచుకుని కూర్చున్నాడు. ఆ పన్ను మనం అందుకుంటే తప్పు పూడ్చిపెట్టినట్టే, మళ్ళీ ఎవరూ ఎత్తకూడదు. కోపం కూడా పెట్టుకోకూడదు. నా దగ్గర ఇంకా బోలెడంత కోపం ఖర్చవకుండా మిగిలిపోయింది. ఏం చేసుకోను దాన్ని?

వాడు తలెత్తాడు. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. నాకంటే ఎక్కువ ఏడ్చాడు.

"బావా, నా వేలు నరికేసుకోమంటావా?"

"వద్దులే. ఆ వేలు లేకపోతే బంతి జారవిడుస్తావు. ఇప్పటికే సగం జారవిడుస్తున్నావు."

పన్ను అందుకున్నాను. వాణ్ణి వదిలేశాను. నన్ను నేను క్షమించుకోవాలంటే పన్ను పట్టుకుని ఎవరొస్తారో తెలీదు.

అంతమంది పెద్దల ముందు నల్లద్దాలుండకూడదని గుర్తొచ్చి తియ్యబోయాను. సవెనాదా పెదనాన్న నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఉంచుకోరా. మేం మందని తీర్పిచ్చి పొగరులాగే చూశాం. ఇకనించి చర్చిలోనైనా సరే, నాకెదురుగా వచ్చినా సరే, అద్దాలు తియ్యొద్దు."

మే 11, ఆదివారం

చర్చి. ఊరంతటికీ నల్లద్దాలతో నేనొక్కణ్ణే. చివరి వరసలో కూర్చుని ఎడంకన్ను మూసి పలకకేసి చూశాను. మొదటి అంకె ఒకటి. రెండోది మూడో, ఎనిమిదో. మూడోది తెల్లటి మరక. ఎంతసేపు చూసినా మరకే.

అమ్మ వంగి చెవిలో నంబరు చెప్పింది. నేను అడగలేదు.

ఇంటికొచ్చాక అమ్మ పెరట్లో గుంట వెలిగించి నా బూట్లు అందులో పడేసింది. అక్క పంపిన బూట్లు! తోలు పొగ నల్లగా లేచింది. గాలి తిరిగింది. నా వైపు పొగ రాకుండా అమ్మ మధ్యలో అడ్డం నిలబడి, దగ్గుతూ, తన కళ్ళు తుడుచుకుంటూ ఉంది.

సరే. మళ్ళీ మొదలు. ఈసారి నిజంగా.
కళ్ళు నలపను. పక్కనించి కూడా.
నల్లద్దాలు తియ్యను. పెదనాన్న ఆజ్ఞ.
పొగ దగ్గరికి పోను. అది నా దగ్గరికొస్తే లేచి పరుగెత్తుతాను.
నడుము లోతు కాదు, పాదం కూడా తడపను.
రగ్బీ ఆడను. ఆడను. ఆడను.

సాయంత్రం ఎపరామా గుమ్మం బయటే నిలబడి చెప్పాడు. వచ్చే శనివారం పక్కూరివాళ్ళు పంది కోసం మళ్ళీ సవాలు విసిరారట. "నువ్వు రావద్దు బావా" అన్నాడు. "రాను" అన్నాను.

మరీ వెళ్ళకపోతే వాడు బాధపడతాడు. చూడ్డానికే వెళ్తాను. దూరంగా కూర్చుంటాను. బూట్లు కూడా లేవు కదా, ఉత్తికాళ్ళతోనే వెళ్తాను.