గోడ మీద లేని వరస

షాలేమ్, తప్పులుంటే సర్దుకో. నాది నిదానపు రాత, ఇది రాసేసరికి టీ చల్లారింది.

బడికి సెలవే కదా. లేచి పప్పన్నం తిని, కంటి రిపోర్టులు తీసుకుని ఆసుపత్రికి రా. నేను ముందుగా వెళ్లి లైన్లో ఉంటాను. నువ్వు నడిపే బడి వ్యాను తాళాలు నా సంచిలో ఉన్నాయి, వెతకకు. ఆటోలో రా.

నీ కుడి కంటి నల్లగుడ్డు ఉబ్బుతోందని డాక్టర్లతో అందులో రింగు పెట్టించాక చూపు చాలా ఏళ్లు నిలిచింది. ఏటా చూపించుకోమన్నారు. నువ్వు మానేశావు. "మంచిగనే కనపడుతుందమ్మా, ఊకె పరేషాన్ గాకు" అన్నావు. అందుకే నిన్న కాగితం మీద బైబిలు వాక్యం రాసి గోడకి అంటించి, ఎడమ కన్ను మూసుకుని చదవమన్నాను. గడగడా చదివావు. నాకు ప్రాణం లేచొచ్చింది.

కాగితం తీసేటప్పుడు చూశాను. చివరి వరస రాయడం మరిచిపోయాను. నువ్వు అది కూడా చదివావు. నాకు చదువు రాని రోజుల్లో ఆ వాక్యం నీకు నోటికి నేర్పింది నేనే.

డాక్టర్లు వ్యాను నడపొద్దంటారని నీ భయం. అందులో పిల్లలుంటారు, నాయనా. తిట్టే ఓపిక కూడా లేదు నాకు.

దారిలో కన్ను నలుపుకోకు.

దేవకృప, అరవై నాలుగేళ్లు. ఇల్లు బొల్లారం, ఈ పూటకు ఆసుపత్రి బెంచీ.