లొంగే అవకాశం

బంగారుతల్లికి,

అమ్మ దీవెనలు. ఇక్కడ మేం కులాసా. నాన్న మోకాలినొప్పి తగ్గింది, సణుగుడు తగ్గలేదు. నీ ఉత్తరం రెండుసార్లు చదివి, "మనదానికి ఎలాగూ రాదు, ఆ అమ్మాయికైనా వంటొచ్చా?" అని మాత్రం అడిగారు. ఆయన ఒప్పుకోవడమంటే అదే.

ఇక నువ్వు అడిగినదానికి జవాబు. నువ్వు చేరబోయేది రహస్య పత్రాలు చూసే ఉద్యోగం కాబట్టి విచారణ గట్టిగానే ఉంటుంది. "నాతో ఉంటున్నది స్నేహితురాలు కాదు, నా మనిషి అని దరఖాస్తులో రాయనా?" అన్నావు. రాయి. ఇప్పుడు నిబంధన మారింది. దానివల్ల అనుమతి ఆగదు, దాచిపెడితేనే ఆగుతుంది. ముప్పై ఏళ్లు ఆ విచారణలే చేసినదాన్ని, నా మాట నమ్ము.

అప్పట్లో అలా కాదు. ఇది నీకెప్పుడూ చెప్పలేదు. నేను చేరిన నాలుగో ఏట ఒక అనువాదకురాలి ఫైలు నా బల్లమీదికి వచ్చింది. మూడు భాషలు తెలుసు, ఒక్క మచ్చ లేదు. ఇంకో స్త్రీతో కాపురం ఉంటోందని ఇంటి యజమాని చెప్పాడు. "ఈ సంగతి బయటపెడతామని ఎవరైనా బెదిరిస్తే లొంగే అవకాశం ఉంది" అని రాసి సంతకం పెట్టాను. ఆమె ఉద్యోగం పోయింది. ఆ సాయంత్రం నేను మామూలుగానే ఇంటికొచ్చి నీకు జడ వేశాను.

నీ ఉత్తరం అందిన మర్నాడు ఆమెను వెతుక్కుంటూ వెళ్లాను. ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతోంది. నేనెవరో చెప్పుకున్నాను. ఆమె చేతిలోని ఎర్ర పెన్సిల్ కింద పెట్టలేదు.

"ఇన్నేళ్లలో ఆ విషయంతో నన్ను బెదిరించిందెవరో తెలుసా?" అంది.

"తెలీదండీ."

"మీ ఆఫీసే. రాజీనామా రాస్తావా, మీ అమ్మకి కబురు పెట్టమంటావా అన్నాడు మీ పైఅధికారి. రాసిచ్చేశాను. మీరు రాసినట్టే లొంగాను. మరింకెవరూ బెదిరించలేదు."

"ఇప్పుడు నన్నేం చేయమంటారు?"

"కాగితం మీద రాశారుగా. కాగితం మీదే ఒప్పుకోండి."

నిన్న రెండు ప్రతులు రాసి ఆమె దగ్గరికి తీసుకెళ్లాను, మా పాత ఆఫీసుకొకటి, ఆమెకొకటి. ఆధారం లేకుండా రాశానని, అది నా పొరపాటని. ఆమె నిదానంగా చదివింది. "పొరపాటు" కొట్టేసి, పైన "అన్యాయం" అని దిద్ది, నా చేతికిచ్చింది. అక్కడే కూర్చుని రెండు ప్రతులూ తిరగరాశాను.

క్షమించానని ఆమె అనలేదు. నేనూ అడగలేదు.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ