వకుళ వేసిన అడుగులు

అమ్మా, నువ్వు పోయాక ఇది మొదటి గోకులాష్టమి. నిరుడు నా కూతురు వకుళ కాళ్లకు పిండినీళ్లు అద్ది, చంకల కింద పట్టుకుని, గడప నుంచి పూజగది దాకా కృష్ణుడి అడుగులు వేయించావు.

"సూడు, పాదం ఎంత నిండుగా పడిండాదో! అదృష్టజాతకురాలు. ఇంక డాక్టరు ఎందుకే?" అన్నావు.

మూడేళ్లొచ్చినా తూలుతున్న పిల్లని చూస్తూ నేనూ ఆర్నెల్లు ఆగాను.

పాదంలో వంపు లేకే అడుగు అలా నిండుగా పడుతోందని, కండరాలకు బిగువు తక్కువని, ముందే తేవాల్సిందని ఫిజియోథెరపీ ఆమె చెప్పింది. రోజూ కాలివేళ్లతో గోలీలు ఎత్తిస్తున్నాను. ఏడుస్తుంది. అయినా వదలను.

ఇవాళ తనంతట తానే ఐదడుగులు వేసి కూలబడింది. మిగతావి నా పిడికిలి అంచు పిండినీళ్లలో ముంచి అద్దాను. వాటికి నడుమ చక్కటి వంపు వచ్చింది.

వకుళ వాటిమీద కాలు పెట్టి చూసుకుని, "ఇవి నావి కావు మా" అంది.