రెండో పరీక్ష దాకా ఆగిన డాక్టరమ్మ

పుదుచ్చేరి,
ఆగస్టు 17, 2024

మరగతమక్కకు,

నీ చెల్లెలు మంగళ నమస్కారాలు. మేమందరం కుదురుగా ఉన్నాము. మన బిడ్డ శృతికి కడుపుతో ఏడో నెల పడింది. నీ మోకాలు ఇప్పుడెట్లా ఉంది?

జబ్బు పిల్లుల్ని తాకినోళ్ళ ఇంటికి రానన్నావు కదా. ఫోన్లో చెప్తే మధ్యలో అడ్డుపడతావని రాస్తున్నా.

మన బట్టల అంగడి వెనక ఒక పిల్లి, దాని కూన చేరినాయి. ఏప్రిల్లో తల్లి తినడం మానేసింది. మెడ మీద కాటు, నోరంతా పుండ్లు. రెండింటినీ బుట్టలో పెట్టుకొని డాక్టర్ దీప దగ్గరికి పోయినాము. ఆమె వాటి కాళ్ళ నుంచి రక్తం తీసి, పరీక్ష పట్టీ మీద చుక్కలేసింది. రెండింటికీ రెండేసి గీతలు వచ్చినాయి. రెండు గీతలంటే పిల్లులకొచ్చే ఎయిడ్స్ లాంటి జబ్బున్నట్టంట.

ఇంట్లో కడుపుతో ఉన్న బిడ్డుంటే ఇదేంది ఖర్మ, కురుచికుప్పం సముద్రం ఒడ్డున వదిలేద్దామన్నాడు మీ మరిది. ఇంకో డాక్టరైతే సూదేసి చంపేయమని ఫోన్లోనే చెప్పేసినాడు.

దీప ఒప్పుకోలా. ఇది మనుషులకు అంటదు, పిల్లి పిల్లిని లోతుగా కొరికితేనే ఎక్కువగా అంటుతుంది అంది. మూడు నెలల కూనకు కూడా జబ్బుందా అంటే, నాకింకా తెలీదు అనేసింది! జబ్బు లేకున్నా, తల్లిపాలతో వచ్చిన యాంటీబాడీలు రక్తంలో ఉంటే గీత పడొచ్చంట. ఆర్నెల్లు దాటినాక మళ్ళా చూడాలంట. అంతవరకూ యాడ పెట్టుకునేదని మీ మరిది గొణిగితే, నా ఇంట్లో వేర్వేరు గదుల్లో పెట్టుకుంటానని దీపే బుట్ట తీసుకుంది. కూన గీరిన ముంజేతి నెత్తురు కూడా తుడుచుకోలా. తెలీదని నోరు తెరిచి చెప్పి, తెలిసేదాకా ఒక ప్రాణాన్ని కాచిన డాక్టరును నేను ఇంకెవర్నీ చూడలేదక్కా.

నిన్న మళ్ళా పరీక్ష చేసింది. కూనకు ఒక్కటే గీత! జబ్బు లేదు. దీప నా చేతులు పట్టుకొని చిన్నపిల్ల మాదిరి నవ్వింది. మీ మరిది పక్కకు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. కూనను దీపే పెంచుకుంటుందంట.

శృతి సీమంతానికి నువ్వు లేకపోతే గాజులు ఎవరు తొడుగుతారు? రా అక్కా.

నీ
మంగళ

తా.క.: పైన రాయడానికి ధైర్యం చాల్లేదు. తల్లికి మాత్రం జబ్బు నిజమే, చెన్నై ల్యాబు కూడా అదే చెప్పింది. వీధిలోకి వదలకుండా బాగా చూసుకుంటే చాన్నాళ్ళు బతుకుతుందంట. నిన్న దాన్ని ఇంటికి తెచ్చుకున్నాము. తెద్దామన్నది నేను కాదు, మీ మరిదే. ఏ పిల్లిదైనా దొడ్డికి పోయే మట్టితొట్టి కడుపుతో ఉన్నోళ్ళు ముట్టకూడదంట, అందుకని శృతి ముట్టకుండా ఆయనే శుభ్రం చేస్తున్నాడు. అది ఇక్కడే ఉంటుంది. నువ్వూ రావాలి.