క్యాంపర్ బండికి కొత్త నేల

వెగ్రెవిల్, ఏప్రిల్ 9

ఒలేన్యా, ఇక్కడ మేం కులాసా.

నాన్నకు నడుం పట్టేసిందని స్తెఫాన్ బాబాయి చెప్పాడని కంగారుపడకు. మనం వేసవిలో పడకలేసుకుని తిరిగే క్యాంపర్ బండిలో చలికి పగిలిన నేలను పీకుతూ తెచ్చుకున్న నొప్పి. కొత్త నేలకని మూడు రకాల ముక్కలు తెచ్చి, చలికాలమంతా వాకిట్లో మంచులో పడేశాడు. తర్వాత ఒక్కోదాన్నీ బూటు మడమతో తొక్కి చూశాడు. చెక్కలా కనిపించే పలకలు రెండూ పెళ్ళున విరిగాయి. మెత్తటి వినైల్ షీటు ఒక్కటే నిలిచింది.

"జిగురేసి అతికిస్తావా?" అన్నాను.

"చలికి ముడుచుకుంటుందే పిచ్చిదానా, అతికిస్తే చిరుగుతుంది. ఊరికే పరుస్తా" అన్నాడు.

పాత నేల పీకితే, అడుగు చెక్క మీద నీ పాదం అచ్చు బయటపడింది. ఆరేళ్ళప్పుడు తడి రంగు తొక్కావని నిన్ను కొట్టాడే, ఆ పాదమే. ఇప్పుడు రోజూ షీటు అంచెత్తి చూసి మళ్ళీ పరుస్తున్నాడు. అడిగితే, "చెమ్మ చేరిందేమోనని" అంటాడు.

మీ ఇంట్లో హీటరు బాగైందా? నీ పాత మంచు బూట్లు బాబాయి కూతురికి ఇచ్చేయనా? నీ పెళ్ళప్పుడు నాన్న అన్న మాటలకు రెండేళ్ళు నువ్వు అలిగింది చాలు, ఈ వేసవికి ఇద్దరూ రండి.

మీ ఇద్దరికీ నా దీవెనలు, నాన్నవి కూడా. ఆయన రాయమనలేదు. షీటెత్తి చూడ్డానికి వెళ్ళాడు.

అమ్మ