నాలుగో కనకం

బూర్గంపాడు,
12-8-2004.

టీచరు గారికి నమస్కారాలు.

మొన్న ఓపెన్ టెన్త్ క్లాసు మధ్యలో లేచి వెళ్లినందుకు క్షమించండి. మీరు చదివి చెబుతున్న నవలలో ఆ ఇంట్లో తరతరానికీ ఆడపిల్లకు కనకం అనే పేరు పెడతారు కదా. మూడో కనకం కూడా పురిట్లో పోగానే నా పక్కన కూర్చునే కళావతి, "ఏంది టీచర్, గీమె మళ్ల సచ్చిందా?" అంది. అందరూ నవ్వారు.

మా ఇంట్లోనూ పోయినవాళ్ల పేరే పెడతారు. అత్తమ్మ రోజూ నా కడుపు మీద చెయ్యి వేసి, "ఎర్రమ్మా, వస్తున్నవా?" అంటుంది. ఎర్రమ్మ మా ఆయన మొదటి భార్య. పురిట్లోనే పోయింది. ఆ పేరు పిలిచినప్పుడల్లా లోపల బిడ్డ కదులుతుంది.

నాకు వచ్చే నెలే కాన్పు. చివరి అధ్యాయంలో నాలుగో కనకం బతికిందా? బతకకపోతే వేరే పేరు ఒకటి మీరే రాసి పంపండి. ఆ పేరు పెట్టాకే పిల్ల బతికిందని, పుస్తకంలోనే ఉన్నట్టు అత్తమ్మకు చదివి వినిపిస్తాను.

ఇట్లు,
వెనక బెంచీలో కూర్చునే మీ విద్యార్థిని.